హాజీ ముహమ్మద్ మొహసిన్: పేద విద్యార్థికి మిగిల్చిపోయిన ఆస్తి

కాలేజీల్లో అడ్మిషన్లు మొదలయ్యే రోజులు వచ్చాయంటే మన సంక్షేమ సంఘాలన్నింటికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. చేతిలో ఉన్న పైకం కొంచెం, అడిగే పిల్లలు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలి? మార్కులు చూసి ఇవ్వాలా, ఇంటి పరిస్థితి చూసి ఇవ్వాలా? ఫీజు కడితే చాలునా, తిండి ఖర్చు సంగతి కూడా చూడాలా? ఈ ప్రశ్నలు మనకు కొత్తగా పుట్టినవి కావు. రెండువందల ఏళ్లకు పూర్వం తన యావదాస్తిని ధర్మకార్యాలకు రాసి ఇచ్చిన ఒక మహనీయుని చరిత్రలో ఇవన్నీ ఉన్నాయి. వారే బెంగాల్ రాష్ట్రంలోని హుగ్లీ పట్టణానికి చెందిన మర్హూమ్ హాజీ ముహమ్మద్ మొహసిన్ సాహెబ్. బెంగాల్‌లో వారి పేరు తెలియని ఇల్లు ఉండదు. మన తెలుగునాట మాత్రం విన్నవారు తక్కువ. అందుకే వారి జీవితాన్ని, వారి వెనుక వారి ఆస్తికి జరిగిన కథను పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాము.

బాల్యము, విద్య

మొహసిన్ సాహెబ్ 1732లో హుగ్లీలో జన్మించారు. కలకత్తా అప్పటికి ఇంకా పెద్ద నగరం కాలేదు. గంగానది పాయ అయిన హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ పట్టణమే ఓడలకు, వర్తకులకు పేరుపడ్డ రేవు. తండ్రి హాజీ ఫైజుల్లా. తల్లి జైనబ్ ఖానమ్. వీరి పూర్వులు ఇరాన్ దేశం నుండి వచ్చినవారు.

జైనబ్ ఖానమ్‌గారికి ఇది రెండవ వివాహం. ఆమె మొదటి భర్త ఆగా మొతహర్ ధనవంతుడు, జెస్సోర్ ప్రాంతంలో పెద్ద జాగీరు గలవాడు. ఆయనకు మన్నూజాన్ అనే ఒక్కగానొక్క కూతురు. ఆగా మొతహర్ చనిపోయే ముందు బిడ్డ మెడలో ఒక తావీజు కట్టి, తన మరణానంతరమే దాన్ని విప్పాలని చెప్పారనీ, విప్పి చూస్తే ఆస్తంతా కూతురికే చెందుతుందని రాసిన కాగితం అందులో ఉందనీ బెంగాల్‌లో కథగా చెప్పుకుంటారు. ఏమైతేనేం, ఆస్తి మన్నూజాన్‌ది అయింది. తరువాత జైనబ్ ఖానమ్ ఫైజుల్లాగారిని నికాహ్ చేసుకున్నారు, మొహసిన్ పుట్టారు. తండ్రులు వేరైనా అక్కాతమ్ముళ్లు ఒకే తల్లి ఒడిలో, ఒకే ఉస్తాద్ దగ్గర పెరిగారు. ఆ ఉస్తాద్ షిరాజ్ నుండి వచ్చిన పండితుడు. ఖురాన్ షరీఫ్, అరబ్బీ, ఫారసీ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆడపిల్లకు, మగపిల్లవాడికి సమానంగా చదువు చెప్పించిన ఇల్లు అది. ఈ మాట మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తరువాతి కథ అంతా ఆ చదువుకున్న అక్క వల్లనే నడిచింది.

దేశసంచారము

యౌవనం వచ్చాక మొహసిన్ సాహెబ్ ఇంటిపట్టున ఉండలేదు. ముందు ముర్షిదాబాద్ వెళ్లి పైచదువు చదివారు. ఆపైన దేశాలు తిరిగారు. ఇరాన్, ఇరాక్, అరేబియా, తుర్కీ, ఈజిప్టు వైపు ప్రయాణం చేశారు. మక్కా, మదీనా జియారత్ చేసి హాజీ అయ్యారు. దాదాపు 27 ఏళ్లు ఇలా సంచారంలోనే గడిచాయని వారి చరిత్రకారులు చెబుతారు. రైలు లేదు, పొగఓడ లేదు. అటువంటి కాలంలో కాలినడకన, ఒంటెలమీద, తెరచాప ఓడలమీద అన్నేళ్లు తిరగడమంటే మాటలా!

వారు పెళ్లి చేసుకోలేదు. దస్తూరీ బహు చక్కనిది. ఖురాన్ షరీఫ్ ప్రతులను స్వహస్తంతో రాసేవారు. తిండిలో, బట్టలో ఆడంబరం లేదు. ఇటువంటి ఫకీరు మనిషి చేతికి, ఎవరూ ఎదురుచూడని రీతిలో, ఒక మహా సంస్థానం వచ్చిపడింది.

అక్కగారి ఆస్తి

మన్నూజాన్ బేగమ్‌కు హుగ్లీ నాయబ్ ఫౌజ్‌దారు మీర్జా సలాహుద్దీన్‌తో వివాహం జరిగింది. కాని ఆమె చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్నారు. పిల్లలు లేరు. పరదాలో ఉంటూనే ఆ సంస్థానాన్ని ఏళ్ల తరబడి తానే చూసుకున్నారు. వయసు మీదపడ్డాక, దేశాలు తిరుగుతున్న తమ్ముడికి కబురు పంపారు. తమ్ముడు తిరిగివచ్చి అక్కకు తోడుగా నిలిచారు. 1803లో మన్నూజాన్ బేగమ్ చనిపోయారు. సయ్యద్‌పూర్ ఎస్టేటుతో సహా ఆస్తంతా మొహసిన్ సాహెబ్‌కు దక్కింది. అప్పటికి వారికి ఏడు పదులు దాటాయి. భార్య లేదు, బిడ్డలు లేరు. కోరిక అనేది ఏమైనా మిగిలి ఉంటే అది ఇతరుల మేలే.

రాత్రిపూట మామూలు బట్టలు వేసుకుని హుగ్లీ సందుల్లో తిరుగుతూ, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో కనిపెట్టి, ఎవరికీ తెలియకుండా సాయం చేసేవారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇందులో ఎంత నిజమో, ఎంత అభిమానమో విడదీయడం కష్టం. కాని దానం గురించి వారికి ఉన్న దృష్టి ఈ కథల్లో కనబడుతుంది. అడిగినవాడికి ఇవ్వడం సులువు. అడగలేనివాణ్ణి వెతికి ఇవ్వడమే కష్టం.

తొమ్మిది వాటాలు

1806లో మొహసిన్ సాహెబ్ వక్ఫ్‌నామా రాశారు. యావదాస్తినీ అల్లాహ్ మార్గంలో వక్ఫ్ చేసి, ఆదాయాన్ని 9 వాటాలుగా విభజించారు. 3 వాటాలు ఫాతెహాలు, ముహర్రం కార్యక్రమాలు, ఇమాంబాడా, ఖబ్రస్తాన్ మరమ్మతులు మొదలైన ధార్మిక ఖర్చులకు. 4 వాటాలు ఉద్యోగుల జీతాలకు, పింఛన్లకు, వజీఫాలకు, ధర్మానికి. మిగిలిన 2 వాటాలు నిర్వహణ చూసే ఇద్దరు ముతవల్లీలకు. ఆస్తిని ఎలా పంచాలో లెక్క ఇంత స్పష్టంగా రాశారు. ఆ తరువాత తమకోసం వేరే సంపాదన పెట్టుకోకుండా సామాన్యంగా బ్రతికి, 1812 నవంబరు 29న దైవసన్నిధికి చేరారు. హుగ్లీలోనే వారి సమాధి ఉంది.

ఒక సంగతి గమనించాలి. వారు వక్ఫ్‌నామా రాసేనాటికి మన దేశంలో ఈనాటి పద్ధతి యూనివర్సిటీ ఒక్కటి కూడా లేదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు 1857లో గాని రాలేదు. కాబట్టి కాలేజీ ఫీజు, స్కాలర్‌షిప్పు అనే ఊహ వారి మనసులో ఈ రూపంలో ఉండే వీలు లేదు. అవసరంలో ఉన్నవానికి ఆసరా కావాలి, అది ఏళ్ల తరబడి ఆగకుండా అందాలి అన్నది వారి ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని కాలానికి తగ్గట్టు అమలు చేయవలసిన బాధ్యత వెనుకటివారిది.

ఆస్తి దారి తప్పిన కాలము

ఆ బాధ్యత సరిగ్గా నెరవేరలేదని చెప్పడానికి బాధగా ఉంది. హాజీ సాహెబ్ కన్నుమూసిన కొద్ది ఏళ్లకే ముతవల్లీల మీద ఫిర్యాదులు వచ్చాయి. ధర్మానికి వెళ్లవలసిన సొమ్ము సొంతానికి వెళుతోందని తేలి, కంపెనీ ప్రభుత్వం జోక్యం చేసుకుని వారిని తొలగించింది. కోర్టు వ్యవహారం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా సాగి 1835లో గాని ముగియలేదు. ఈలోగా ఖర్చు కాక నిలిచిపోయిన ఆదాయం పెద్ద మొత్తంగా పోగుపడింది.

ఆ మొత్తాన్ని ఆధారం చేసుకుని 1836 ఆగస్టు 1న ప్రభుత్వం హుగ్లీ కాలేజీని తెరిచింది. హుగ్లీని ఆనుకుని ఉన్న చిన్సురాలో, జనరల్ పెరాన్‌కు చెందిన పాత భవనంలో తరగతులు జరిగాయి. జనం విరగబడి వచ్చారు. 3 రోజుల్లోనే ఇంగ్లీషు విభాగంలో 1200 మంది, అరబ్బీ, ఫారసీ నేర్పే ప్రాచ్య విభాగంలో 300 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. కాని ఆనాటి విద్యావ్యవహారాలు చూసిన చార్లెస్ ట్రెవెల్యాన్ 1838లో ప్రచురించిన పుస్తకంలో ఇచ్చిన లెక్క చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇంగ్లీషు విభాగంలో హిందువులు, క్రైస్తవులు కలిపి 948 మంది కాగా ముస్లిం పిల్లలు 31 మంది. ప్రాచ్య విభాగంలో ముస్లింలు 138 మంది, హిందువులు 81 మంది.

ఇక్కడ మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలచాము. ఆ కాలేజీ అన్ని మతాల పిల్లలకూ తలుపు తీయడం తప్పు కాదు. వందేమాతరం రచించిన బంకించంద్ర చటర్జీ చదువుకున్నది ఈ హుగ్లీ కాలేజీలోనే. ఒక హాజీ సాహెబ్ ధర్మంతో పొరుగింటి బిడ్డ చదువుకున్నాడంటే అది ఆయనకు పుణ్యమే, మనకు గర్వకారణమే. బాధ మరొకటి. ఏ పేద కుటుంబాల ఆసరాకు ఆ ఆస్తి రాసి ఉన్నదో, ఆ కుటుంబాల పిల్లలు ఆ తలుపు దాకా రాలేకపోయారు. 1837లో కోర్టుల్లో, కచేరీల్లో ఫారసీ భాషను తీసివేయడానికి చట్టం వచ్చింది. ఫారసీ నమ్ముకుని బ్రతికిన ఇళ్లలో ఒక్కసారిగా జరుగుబాటు పోయింది. కొత్తగా ఉద్యోగం ఇచ్చే ఇంగ్లీషు చదువేమో ఖర్చుతో కూడింది. పల్లెల్లో, ముఖ్యంగా తూర్పు బెంగాల్‌లో ఉన్న రైతు బిడ్డకు హుగ్లీ ఎంతో దూరం. కాలేజీ కట్టినంత మాత్రాన పేదవాడు అందులోకి వచ్చినట్టు కాదని అక్కడ తేటతెల్లమైంది.

1841లో మొదలుపెట్టి 1861 నాటికి హుగ్లీ ఇమాంబాడాను భవ్యంగా కట్టించారు. నది ఒడ్డున దాని గడియార స్తంభం నేటికీ చూడముచ్చటగా ఉంటుంది. కట్టడం పూర్తయింది గాని, విద్యార్థి మాత్రం ఇంకా బయటే నిలబడి ఉన్నాడు.

1873 నాటి మార్పు

ఈ అన్యాయాన్ని ఎత్తిచూపిన వారిలో ముఖ్యులు నవాబ్ అబ్దుల్ లతీఫ్. 1828లో తూర్పు బెంగాల్‌లోని ఫరీద్‌పూర్ జిల్లాలో పుట్టి, డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేసిన వ్యక్తి. హుగ్లీ మదరసా పరిస్థితి మీద 1861లో ప్రభుత్వానికి నివేదిక రాసి, మొహసిన్ నిధి ఎవరికి చెందవలసిందో వాదించారు. 1863లో కలకత్తాలో ముహమ్మడన్ లిటరరీ సొసైటీని స్థాపించి, ముస్లింలు ఇంగ్లీషు చదువుకోవాలని ఊరూరా నచ్చచెప్పారు. అరవలేదు, తిట్టలేదు. అర్జీ తరువాత అర్జీ, లెక్క తరువాత లెక్క పెట్టుకుంటూ పోయారు. 1871లో విలియం హంటర్ అనే ఇంగ్లీషు అధికారి బెంగాల్ ముస్లింల స్థితి మీద రాసిన పుస్తకంలో కూడా ఈ నిధి దారి తప్పిన విషయాన్ని ఘాటుగా విమర్శించాడు.

చివరకు 1873లో, సర్ జార్జి కాంబెల్ బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్నప్పుడు, ప్రభుత్వం దిగివచ్చింది. హుగ్లీ కాలేజీ ఖర్చును ప్రభుత్వ ఖజానా మీద వేసుకుని, మొహసిన్ నిధిని ముస్లింల చదువుకు విడిచిపెట్టింది. ఆ డబ్బుతో 1874లో ఢాకా, చిట్టగాంగ్, రాజ్‌షాహీలలో మదరసాలు వెలిశాయి. అన్నింటికన్నా పెద్ద మేలు ఏమిటంటే, ప్రభుత్వ కాలేజీల్లో, స్కూళ్లలో చదివే ముస్లిం విద్యార్థి ఫీజులో మూడింట రెండు వంతులు ఈ నిధి నుండి కట్టే ఏర్పాటు జరిగింది. నెలకు 3 రూపాయలు ఫీజు అనుకుంటే పిల్లవాడు కట్టవలసింది 1 రూపాయి. హాజీ సాహెబ్ చనిపోయిన 61 ఏళ్లకు వారి సొమ్ము సూటిగా విద్యార్థి ఫీజు పుస్తకంలోకి వచ్చి చేరింది.

మరొక విశేషం. హాజీ సాహెబ్ షియా. వారి వక్ఫ్‌లో ముహర్రం కార్యక్రమాలకు ప్రత్యేక వాటా ఉంది. కాని ఫీజు సాయం పొందిన పిల్లల్లో అధికులు బెంగాల్ సున్నీ కుటుంబాలవారు. సాయం పొందడానికి నీ ఫిర్కా ఏది అని ఎవరూ అడగలేదు. మన మధ్య చీటికీమాటికీ వచ్చే తేడాలకు ఇంతకన్నా మంచి జవాబు ఏముంటుంది?

హుగ్లీ కాలేజీలో చదువుకున్న వారిలో సయ్యద్ అమీర్ అలీ ఒకరు. 1849లో పుట్టిన ఈయన ఆ కాలేజీ నుండి డిగ్రీ తీసుకుని, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి బారిష్టరై, కలకత్తా హైకోర్టు జడ్జి అయ్యారు. 1876 నుండి 1904 దాకా హుగ్లీ ఇమాంబాడా కమిటీ అధ్యక్షులుగా ఆ వక్ఫ్ వ్యవహారం చూశారు. 1909లో ప్రీవీ కౌన్సిల్ న్యాయసంఘంలో సభ్యులైన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. మొహసిన్ ఆస్తి తగాదా తేలిన అదే న్యాయస్థానంలో, 74 ఏళ్ల తరువాత, మొహసిన్ కాలేజీ విద్యార్థి న్యాయమూర్తిగా కూర్చున్నాడు. చదువుకు పెట్టిన రూపాయి ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

హుగ్లీ కాలేజీకి తరువాత హుగ్లీ మొహసిన్ కాలేజీ అనే పేరు వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఢాకా యూనివర్సిటీ హాస్టళ్లలో ఒకటి హాజీ ముహమ్మద్ మొహసిన్ హాల్. చిట్టగాంగ్‌లో ఆనాటి మదరసా నుండి ఎదిగిన ప్రభుత్వ కాలేజీ కూడా వారి పేరుతోనే ఉంది. బిడ్డలు లేని మనిషి పేరును వేలాదిమంది బిడ్డలు మోస్తున్నారు.

మనము నేర్చుకోవలసినది

ఈ చరిత్రను పొగడ్తతో ముగిస్తే హాజీ సాహెబ్‌కు ఒరిగేదేమీ లేదు. మన సొసైటీల పనికి ఇందులో మూడు పాఠాలు ఉన్నాయని మాకు తోస్తున్నది.

మొదటిది, ఇవ్వడం ఎంత ముఖ్యమో లెక్క చూడడం అంత ముఖ్యం. మొహసిన్ సాహెబ్ ఇచ్చినదాంట్లో లోపం లేదు, రాసినదాంట్లోనూ లోపం లేదు. కనిపెట్టి చూసేవారు లేక రెండు తరాల పిల్లలు నష్టపోయారు. ప్రతి సంఘం ఏటా ఎంత వచ్చింది, ఎందరికి ఇచ్చింది, వారిలో ఎందరు చదువు పూర్తి చేశారు అనే మూడు అంకెలు సభ్యుల ముందుంచాలి.

రెండవది, ఇంటి ఆదాయం చూడడం. ఇది మన దీన్‌కు కొత్త సంగతి కాదు. జకాత్‌కు నిసాబ్ అనే కొలత ఉండనే ఉన్నది. ఏడున్నర తులాల బంగారం గాని, యాభై రెండున్నర తులాల వెండి గాని, నిత్యావసరాలు, అప్పులు పోగా, ఎవరికి మిగులుతుందో వారు ఇవ్వవలసినవారు. మిగలనివారు పుచ్చుకోదగినవారు. దీన్ని మించిన ఆదాయ పరీక్ష ఏది? ప్రభుత్వాలు కూడా ఈ దారినే వచ్చాయి. కేంద్రప్రభుత్వం 2007–08లో మైనారిటీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టినప్పుడు కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయలకు మించకూడదని, కిందటి పరీక్షలో 50 శాతం మార్కులు ఉండాలని షరతు పెట్టింది. మన రాష్ట్రంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఆదాయ ధ్రువపత్రమే ఆధారం అయింది.

అయితే కాగితం ఒక్కటే చాలదు. జీతగాడి ఆదాయం పైసతో సహా కాగితంమీద ఉంటుంది. దుకాణదారుడు తాను చెప్పిందే ఆదాయం. టైలరు, ఆటో డ్రైవరు, బీడీలు చుట్టే తల్లి, వీరి సంపాదన ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఒకే ఆదాయం గల రెండు ఇళ్లలో ఒక ఇంట్లో ఒక్క బిడ్డ, మరో ఇంట్లో నలుగురు బిడ్డలు, మంచాన పడ్డ తండ్రి ఉండవచ్చు. కనుక సర్టిఫికెట్‌తో పాటు తినే నోళ్లు ఎన్ని, చదివే పిల్లలు ఎందరు, అప్పు ఎంత, ఇల్లు సొంతమా కిరాయా అని నెమ్మదిగా విచారించాలి. అదీ నలుగురిలో కాదు. స్టేజీమీద నిలబెట్టి, ఫోటో తీసి, కవరు చేతికిచ్చే పద్ధతి వల్ల సిగ్గుపడే పిల్లవాడు, ముఖ్యంగా ఆడపిల్ల, మళ్లీ మన గడప తొక్కదు. రాత్రివేళ మారువేషంలో తిరిగాడని జనం చెప్పుకునే మనిషిని ఈ ఘట్టంలో తలచుకోవాలి.

మూడవది, మిగిలిన మూడో వంతు సంగతి. 1873 ఏర్పాటు ఎంత మంచిదైనా, ఫీజులో మూడో వంతు, దానిపైన బస, భోజనం, పుస్తకాలు పిల్లవాడి మీదే ఉన్నాయి. అది కూడా కట్టలేనివాడికి ఆ మేలు అందలేదనే చెప్పాలి. ఈనాడు కూడా ఫీజు సాయం మంజూరైన పిల్లలు కొందరు మెస్ బిల్లు కట్టలేక, ఊరినుండి బస్సు చార్జీలు పెట్టుకోలేక మధ్యలో మానేస్తున్నారు. సాయం మంజూరైనా అది చేతికి వచ్చేలోగా కాలేజీ గడువు దాటిపోయే సందర్భాలూ ఉన్నాయి. పెద్ద ఫీజులు కట్టే స్తోమత చిన్న సంఘాలకు లేకపోవచ్చు. కాని ఈ మూడో వంతు మనం పట్టుకోగలం. పరీక్ష ఫీజు, నాలుగు నెలల మెస్ ఖర్చు, బస్ పాస్, ఒక జత పుస్తకాలు, వీటికి రంజాన్ మాసంలో మన ఊళ్లో వసూలయ్యే జకాత్‌లో ఒక భాగం కేటాయించుకుంటే ఎన్ని చదువులు నిలబడతాయో ఆలోచించండి.

మనలో ఎవరికీ సయ్యద్‌పూర్ వంటి సంస్థానం లేదు. ఉండనక్కర్లేదు. మొహసిన్ సాహెబ్ తనకున్నది అంతా ఇచ్చారు. మనకున్నదాంట్లో మన వాటా మనం ఇద్దాం. ఇచ్చినది ఎవరికి చేరిందో చూద్దాం. చేరనిచోట అబ్దుల్ లతీఫ్ సాహెబ్‌లాగా ఓపికగా, లెక్కలతో అడుగుదాం. చదువుకుని పైకి వచ్చిన పిల్లలు రేపు మరొకరి ఫీజు కట్టడానికి ముందుకు వచ్చేలా వారికి ఈ కథ చెబుదాం.

అల్లాహ్ తఆలా మర్హూమ్ హాజీ ముహమ్మద్ మొహసిన్ సాహెబ్‌కు, వారి అక్క మన్నూజాన్ బేగమ్‌కు జన్నతుల్ ఫిర్దౌస్‌లో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. మన పిల్లల్లో ఒక్కరి చదువు కూడా డబ్బులేమి వల్ల ఆగిపోని రోజును మనకు చూపించుగాక. ఆమీన్.